స్కాన్ చేసిన పాత పుస్తకాల కేటలాగు బయటివాళ్లకు ఇవ్వొచ్చా? ఇస్తే ఎలా ఇవ్వాలి?

ప్రొద్దుటూరులో ట్రస్టు లైబ్రరీ నడిపే ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఐదారు వేల పాత పుస్తకాలు, బైండు చేసిన మాసపత్రికలు, కొన్ని కరణాల కాగితాలు, కొన్ని తాటాకు కట్టలు స్కాన్ చేయించారు. లిస్టు ఎక్సెల్‌లో ఉంది. ఒక యూనివర్సిటీ వాళ్లు ఆ లిస్టు తమ పోర్టల్‌లో కలుపుకుంటాం, ఇవ్వండి అన్నారు. కమిటీలో పెద్దాయన మాత్రం "లిస్టు ఇచ్చేస్తే ఇంక మన దగ్గరికి ఎవరొస్తారప్పా" అన్నారట. ఇవ్వొచ్చా, ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలి, మన హక్కులు పోతాయా అని అడుగుతున్నారు. ముందు అనంతపురంలో, తర్వాత కడపలో కేటలాగింగ్ పనిలోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ని. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ఇవ్వండి. పెద్దాయనకు నా తరఫున ఒక మాట చెప్పండి: శుభలేఖలు పంచితే వంటలు పంచినట్టు కాదు. లిస్టులో ఉండేది పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, ఎక్కడుందో చెప్పే లింకు. స్కాన్‌లు మీ సర్వర్‌లోనే ఉంటాయి. ఎవరికి తెరవాలి, ఎవరికి వద్దు అన్నది మీ చేతిలోనే ఉంటుంది. నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా అలాగే పనిచేస్తుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే ఆ పోర్టల్ ఎక్కువగా వివరాలు మాత్రమే తెచ్చుకుంటుంది. పుస్తకం కావాలంటే లింకు నొక్కి అసలు లైబ్రరీ సైటుకే పోవాలి. మీ దగ్గరికి జనం తగ్గరు. మీ పేరే వినని వాళ్లు మీ గుమ్మం తొక్కుతారు.

లిస్టు బయటికి రాకపోతే ఏమవుతుందో మన జిల్లావాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. దత్త మండలాలు, అంటే మన సీమ, 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, సర్వే పనిమీద తిరిగిన కాలిన్ మెకంజీ తన దగ్గర పనిచేసిన పండితుల చేత ఊరూరి కైఫీయతులు, అంటే ఆ ఊళ్ల చరిత్రలు, రాయించాడు. ఆయన 1821లో పోయాక ఆ సేకరణను కంపెనీ కొనుక్కుంది. కొంత లండన్‌కు పోయింది, కొంత చివరికి మద్రాసు ప్రాచ్య లిఖిత భాండాగారానికి చేరింది. సి.పి. బ్రౌన్ దొర వాటిలో చాలావాటికి నకళ్లు రాయించాడు. మన కడప ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ కేంద్రం కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చు వేసింది. అంటే జమ్మలమడుగు పక్క ఏదో ఒక ఊరి కైఫీయతు అసలు ఒకచోట, నకలు ఒకచోట, అచ్చు ఇంకోచోట ఉండొచ్చు. మెకంజీ సేకరణకు 1828లో విల్సన్ అచ్చువేసిన కేటలాగులో ఊరి పేరు ఒక స్పెల్లింగులో ఉంటుంది, తర్వాత టేలర్ చేసినదాంట్లో వేరేగా ఉంటుంది. ఈ మూడూ ఒకే కాగితమని తేల్చుకోవడానికే పరిశోధకుడికి నెలలు పడతాయి. మూడుచోట్ల లిస్టులూ ఒకదానికొకటి ముడిపడి ఉంటే అది పూటలో అయ్యే పని. మీ కరణాల కాగితాల్లో కైఫీయతు నకళ్లు ఉంటే, అది అసలా, నకలా, దేనికి నకలు అన్న గడి తప్పకుండా పెట్టండి.

ఇక ఫార్మాట్. అందరూ ముందు అదే అడుగుతారు, నేను చివర్న చెబుతాను. దానికి టెన్షన్ పడాల్సిన పనే లేదు. రెండు సంగతులు సరిగ్గా ఉంటే మీ లిస్టు ఏ ఫార్మాట్‌లోకైనా మారుతుంది, అవి లేకపోతే ఏ ఫార్మాట్‌లో ఇచ్చినా గందరగోళమే. ఒకటి, ప్రతి వరుసకూ ఎప్పటికీ మారని నంబరు ఉండాలి. రెండు, పుస్తకం మీద ఉన్నది ఒక గడిలో, మీరు అనుకున్నది వేరే గడిలో ఉండాలి. నేను చూసిన ట్రస్టు లైబ్రరీల లిస్టులన్నిటిలోనూ ఈ రెండోదే చెడి ఉంటుంది.

నంబరు సంగతి చిన్నదే. అలమార నంబరును పుస్తకం నంబరుగా వాడకండి, అలమార మారుతుంది. స్కాన్ ఫైలు పేరునూ వాడకండి. ఒక వరుస నంబరు ఇచ్చి, ఆ పుస్తకం పోయినా చెదలు తిన్నా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వకుండా ఉంచండి. మీ లింకులో ఆ నంబరే ఉండాలి. యూనివర్సిటీవాళ్లు రేపు మీ లిస్టు మళ్లీ తీసుకున్నప్పుడు ఏది కొత్తది, ఏది దిద్దింది, ఏది తీసేసింది అని వాళ్ల కంప్యూటరు తెలుసుకునేది ఆ నంబరుతోనే. 'చివరిసారి దిద్దిన తేదీ' అని ఒక గడి కూడా ఉంచండి.

ఎక్సెల్ గురించి మాత్రం జాగ్రత్త. మాసపత్రిక సంపుటం 3, సంచిక 4 అని చూపడానికి 3-4 అని కొట్టి ఎంటర్ నొక్కారా, అది తేదీగా మారి కూర్చుంటుంది. 00147 అని కొడితే ముందున్న సున్నాలు మింగేస్తుంది. మీ పత్రికల వరుసలు ఒకసారి తెరిచి చూడండి, సంచిక గడిలో ఏప్రిల్, మార్చి కనబడితే ఇదే కారణం. ఆ నిలువు వరుసలను ముందుగానే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే టైపు చేయాలి. సీఎస్‌వీగా (ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగల మామూలు టెక్స్ట్ పట్టికగా) సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అన్న ఎన్‌కోడింగ్ ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. పాత వరుసలు 'అను' అనే డీటీపీ ఫాంట్లలో కొట్టించి ఉంటే అవి యూనికోడ్ కాదు, అంటే కంప్యూటరు తెలుగుగా గుర్తించే అక్షరాలు కాదు. కన్వర్టర్‌తో మార్చాక ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడెక్కడ చెదిరాయో ఒక మనిషి కూర్చుని చూడాల్సిందే. దానికి అడ్డదారి లేదు.

తెలుగు పేర్లు తెలుగులోనే ఉండాలి. ఇది చెప్పక్కర్లేదు అనుకుంటారు గానీ, చెప్పాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. పేర్లు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. పుస్తకం అక్కడే ఉండేది, తెలుగులో వెతికితే దొరికేది కాదు. తెలుగు వికీపీడియా మిత్రులు కూర్చుని వాటికి తెలుగు పట్టికలు తయారుచేయాల్సి వచ్చింది. కల, కళ, కాల, కాళ నాలుగూ ఆ ఇంగ్లిషు టైపింగులో ఒకటే. తిరిగి తెలుగులోకి ఏ మెషీనూ సరిగ్గా తేలేదు. మీ లిస్టు అడిగిన పోర్టల్ ఇంగ్లిషు అక్షరాలే కావాలంటే, తెలుగు గడినుంచి ఐఎస్ఓ 15919 అనే ప్రామాణిక లిప్యంతరీకరణ పద్ధతిలో మెషీన్ చేత మార్పించి ఇవ్వండి. అక్షరముఖ అనే ఉచిత సైటు ఆ పని చేస్తుంది. చేత్తో మాత్రం కొట్టించొద్దు.

పాత అచ్చులో ఇంకో చిక్కు ఉంది. అరసున్న, బండి ఱ. టైటిలు పేజీ మీద ఉంటే అలాగే ఎక్కించండి, దిద్దకండి. పక్కనే 'వెతుకులాటకు' అని ఇంకో గడి పెట్టి, ఇప్పుడు రాసే తీరులో రాయండి. ఎందుకంటే ఈ కాలం పిల్లవాడు అరసున్నతో వెతకడు. ఇంకా కంటికి కనబడని తంటా ఒకటుంది. 'డిజిటల్' అన్న పదం చివర ఒకరు పొల్లు కోసం కనబడని అక్షరం ఒకటి కొట్టి ఉంటారు, ఇంకొకరు కొట్టరు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు. ఒకే పత్రిక పేరు మీ లిస్టులో రెండు పత్రికలుగా లెక్కకు వస్తే ముందు దీన్ని అనుమానించండి.

రచయితల పేర్లు ఇంటిపేరుతో మొదలవుతాయి మనకు. కొన్ని కేటలాగుల్లో తిప్పి, కామా పెట్టి రాస్తారు. పుట్టపర్తి నారాయణాచార్యులు గారిని ఒకరు అలాగే, ఒకరు తిప్పి, ఒకరు సరస్వతీపుత్ర అనే బిరుదుతో రాశారు అనుకోండి, పోర్టల్‌లో ముగ్గురు రచయితలు తయారవుతారు. అంతటితో ఆగదు. ఊరి పేర్లను తనంతట తాను ఏరే సాఫ్ట్‌వేర్ ఒకటుంటే, ఆయన పుస్తకాలన్నీ పుట్టపర్తిలో అచ్చయ్యాయని కూడా తేల్చేస్తుంది. నవ్వులాట కాదు, ఇలాంటివి జరుగుతాయి. పుస్తకం మీద ఉన్న పేరు ఒక గడిలో ఉంచి, పక్క గడిలో వికీడేటా (మనుషులకూ ఊళ్లకూ ఒక్కో నంబరిచ్చే ఉచిత పట్టిక) నంబరు గానీ, వియాఫ్ (లైబ్రరీలు రచయితలకు వాడే పట్టిక) నంబరు గానీ పెట్టండి. పేరు ఎలా రాసినా ఆ నంబరు ఒకటే. మీ లిస్టులో ఎక్కువసార్లు వచ్చే రచయితలతో మొదలుపెట్టండి, అందరికీ చేయాలని కూర్చుంటే పని ముగియదు.

ఊళ్ల సంగతి మన సీమలో మరీ విడ్డూరం. పెనుకొండ కాగితం ఒకటి 1870 నాటిది అయితే దాని మీద బళ్లారి జిల్లా అని ఉంటుంది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడ్డాక అదే ఊరు అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మీ డేటా ఎంట్రీ అమ్మాయి బాగా ఆలోచించి 1870 కాగితానికి 'శ్రీ సత్యసాయి జిల్లా' అని ఎక్కించి ఉంటుంది. లేదా పాతదాన్ని తీసేసి దిద్ది ఉంటుంది. రెండూ పనికిరావు. కాగితం మీదున్న జిల్లా పేరు ఒక గడి, ఊరికి వికీడేటా నంబరు ఇంకో గడి. ఆ నంబరు వెంట జిల్లాలు మారిన చరిత్ర వాళ్లే తెచ్చుకుంటారు. కడప ఇంగ్లిషు స్పెల్లింగు 2005లో అధికారికంగా మారింది, తర్వాత జిల్లా పేరే మారింది. అచ్చులో ఏది ఉంటే అదే ఉంచండి. ఇప్పటి జిల్లా పేరుతో దుకాణం బోర్డు రాయించుకోవచ్చు గానీ, పాత పుస్తకం దిద్దకూడదు.

తేదీల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మీ చేతిరాత కాగితాల్లో ఇంగ్లిషు సంవత్సరం దాదాపు ఉండదు. శాలివాహన శకం ఉంటే 78 కలపండి. ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటే 590 కలపండి, అది మన వైపు జూలైలో మొదలవుతుంది కాబట్టి ఒక ఫసలీ రెండు ఇంగ్లిషు సంవత్సరాల మీద కూర్చుంటుంది. ఫసలీ 1210 అంటే 1800-1801. పేరు సంవత్సరం మాత్రమే ఉంటే అరవై ఏళ్ల చుట్టు. 'రౌద్రి' అన్నంత మాత్రాన 1800 కావచ్చు, 1860 కావచ్చు, 1920 కావచ్చు. కాగితం, సిరా, రాసిన తీరు, అందులో పేర్కొన్న కలెక్టరు పేరు, వీటిని పట్టుకుని తేల్చాలి. తేలకపోతే ఒక ఊహ రాసి, పక్కన 'ఊహ' అని రాయండి.

ఒక చిన్న వరుస చూడండి. కాగితం మీద 'శాలివాహన శకం 1722 రౌద్రి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి' అని ఉందనుకుందాం. 1722కు 78 కలిపి 1800 అని కొట్టేస్తారు. కానీ మన సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లిషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. అది 1801 జనవరో ఫిబ్రవరో. దత్త మండలాలు చేతులు మారిన కాలంలో ఈ ఒక్క ఏడాది తేడా పెద్ద తేడా. అందుకే కాగితం మీద మాట ఒక గడిలో అక్షరం పోకుండా, లెక్కకట్టిన సంవత్సరం వేరే గడిలో, నెల తెలియకపోతే 1800/1801 అని గీతతో. ఇలా ఇస్తే లెక్క తప్పినా ఎవరైనా దిద్దగలరు. మాట చెరిపేసి 1800 అని మాత్రమే ఇస్తే దిద్దేవాడికి ఆధారమే ఉండదు.

ఇప్పుడు ఫార్మాట్. మీ దగ్గర పూర్తి వివరాలున్న పట్టిక ఒకటే అసలుది. దాన్ని మీరే ఉంచుకుని, దిద్దుకుంటూ ఉండండి. బయటికిచ్చేది దానినుంచి తీసిన నకలు. చాలా పోర్టళ్లు డబ్లిన్ కోర్ అనే నమూనా అడుగుతాయి. అందులో ఉండేది పదిహేను గడులే. శీర్షిక, కర్త, విషయం, తేదీ, భాష, హక్కులు, గుర్తింపు సంఖ్య, ఇలా. సులువు గానీ మోటు. సంపాదకుడు, వ్యాఖ్యాత, లేఖకుడు, అందరూ ఒకే గడిలో పడతారు. మీ అరసున్న గడి, రెండు తేదీల గడులు అందులో ఇమడవు. ఇమడలేదని మీ పట్టికలో తీసేయొద్దు, వాళ్లకు ఇచ్చేదాంట్లో మాత్రం కుదించండి. అవతల పెద్ద లైబ్రరీ అయితే మార్క్ 21 అనే లైబ్రరీ ఫార్మాట్ అడగొచ్చు. అందులో 880 అనే ఫీల్డు తెలుగు లిపికీ ఇంగ్లిషు లిపికీ జోడీ కలుపుతుంది. కొహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే అది మీకు తెలిసే ఉంటుంది. మీరు వాడేది ఎక్సెల్ మాత్రమే కాబట్టి శుభ్రమైన సీఎస్‌వీ చాలు, మార్చుకోవడం వాళ్ల పని. రేపు డీస్పేస్ అనే డిజిటల్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఓఏఐ అనే దారి దానంతట అదే వస్తుంది. వాళ్ల మెషీన్ వారానికోసారి వచ్చి మారినవి మాత్రం తీసుకుపోతుంది, మీరు ఈమెయిల్‌లో ఫైళ్లు పంపే బాధ తప్పుతుంది.

హక్కుల మాట. పేరు, కర్త, సంవత్సరం, పేజీల సంఖ్య లాంటి వాస్తవాల మీద కాపీరైటు ఉండదు. యూరప్‌లో ఉన్నట్టు డేటాబేస్‌కు ప్రత్యేక హక్కు మన చట్టంలో లేదు. ఎవరైనా సొంతంగా రాసిన పరిచయ వాక్యాలు మాత్రం రాసినవాళ్ల సొత్తు. మీ లైబ్రరీకి తాటాకుల గురించి పేరా పేరా రాసిచ్చిన పండితుడు ఉంటే ఆయన్ను అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. మిగతా గడులన్నీ సీసీ0 అనే లైసెన్సు కింద ఇచ్చేయండి అంటాను. ఏ షరతూ లేకుండా అన్నమాట. 'మా పేరు వేయాలి' అన్న షరతు పెట్టాలనిపిస్తుంది. కానీ ఇరవై లైబ్రరీల వరుసలు కలిసిన పోర్టల్‌లో ప్రతి వరుసకూ ఒక్కో షరతు మోయలేక చాలామంది మీ డేటానే పక్కన పెట్టేస్తారు. యూరప్ లైబ్రరీలు, మ్యూజియాల ఉమ్మడి పోర్టల్ యూరోపియానా 2012 నుంచే తనకిచ్చే వివరాలన్నీ సీసీ0 లోనే కావాలంటోంది. మీ పేరు షరతుగా కాక విన్నపంగా చెప్పండి, లింకు ఎలాగూ మీ సైటుకే.

వివరాలకూ స్కాన్‌లకూ హక్కులు వేరన్నది కమిటీకి ఒకటికి రెండుసార్లు చెప్పండి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి సంవత్సరం నుంచి అరవై ఏళ్లు కాపీరైటు ఉంటుంది. పుట్టపర్తి వారు 1990లో పోయారు, అంటే 2050 ఆఖరు దాకా. ఆయన పుస్తకం మీ దగ్గరుందని ప్రపంచమంతా చెప్పొచ్చు, స్కాన్ మాత్రం వారసుల అనుమతి లేకుండా తెరవకూడదు. ప్రతి వరుసలోనూ 'స్కాన్ చూడొచ్చా' అన్న గడి పెట్టి, ఇది ఇక్కడే కూర్చుని చదవాలి, ఇది అందరికీ అని రాస్తే పెద్దాయన భయం చాలావరకు తగ్గుతుంది. పెద్దాయన అడిగినదానికి జవాబు కూడా ఆ గడిలోనే ఉంది. కూర్చుని చదవాల్సినవాళ్లు మీ దగ్గరికే రావాలి.

కొన్ని గడులు బయటికి పోకూడదు. పుస్తకాలు ఇచ్చిన దాతల ఫోన్ నంబర్లు, చిరునామాలు తీసేయండి. పుస్తకం కొన్న ధర అక్కర్లేదు. తాటాకులు, పాత రాగిరేకులు లాంటివి ఏ అలమారలో ఏ అరలో ఉన్నాయన్నది అసలు రాయకండి, దొంగలు కూడా కేటలాగు చదువుతారు. కరణాల కాగితాల్లో ఇప్పటికీ కోర్టుల్లో నలుగుతున్న భూముల వివరాలుంటే ఆ వరుసలు ఆపండి, లిస్టంతా ఆపొద్దు. పాత శీర్షికల్లో కులాలను కించపరిచే మాటలుంటాయి. శీర్షిక గడిలో అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఉండాలి. విషయం గడిలో మాత్రం మీ మాటగా అది రాయకండి.

తాటాకుల వరుసలు మొదటి విడతలో ఇవ్వకండి. వాటికి పేరు చాలావరకు కట్ట మీద ఉండదు, ఉన్నా ఎవరో తర్వాత కట్టిన చీటీ అయివుంటుంది. పాతకాలపు పండితులు కేటలాగుల్లో గ్రంథం ఆది, అంతం రెండు మూడు పంక్తులు ఎత్తి రాసేవాళ్లు, అది ఊరికే రాసింది కాదు. ఆశ్వాసాంత గద్యలో, అంటే ఒక్కో అధ్యాయం చివరి వచనంలో, కవి పేరు, తండ్రి పేరు దొరుకుతాయి. ఆఖరి ఆకు మీద రాసినవాడు తన పేరు, ఊరు, సంవత్సరం పెట్టి ఉంటాడు. ఆ మూడు చోట్లూ టైపు చేయించి, ఆకుల సంఖ్య, ఆకు కొలత, ఎక్కడెక్కడ విరిగిందో రాయించండి. ఇంకోచోట ఉన్న ఇదే గ్రంథం ప్రతిని గుర్తుపట్టేది ఆ పంక్తులతోనే. అవి లేకుండా 'తాటాకు కట్ట, తెలుగు, అసంపూర్ణం' అని పది వరుసలు పంపితే, ఒకటే కావ్యానికి పది కట్టలా, పది కావ్యాలా అన్నది ఎవరికీ తెలీదు. జాతీయ పాండులిపి మిషన్ 2003లో మొదలైనప్పటి నుంచి వాడిన నమూనా పత్రంలో ఈ గడులు దాదాపు అన్నీ ఉన్నాయి, కొత్తది తయారుచేసుకోవాల్సిన పని లేదు.

యూనివర్సిటీతో కాగితం రాసుకునేటప్పుడు రెండే రెండు అడగండి. వాళ్ల దగ్గర ఎవరైనా మీ వరుసలో తప్పు దిద్దితే ఆ దిద్దుబాటు మీకు పంపాలి. మీరు ఒక వరుస తీసేస్తే వాళ్లూ తీసేయాలి. ఇవి రాసుకోకపోతే రెండేళ్లలో వాళ్ల దగ్గర ఒక లిస్టు, మీ దగ్గర ఒక లిస్టు అవుతాయి. తర్వాత అన్నీ ఒకేసారి పంపకుండా యాభై వరుసలు ఏరి పంపండి. మంచివి కాదు, చెడ్డవి ఏరండి: అరసున్న ఉన్నది, రచయిత పేరు లేనిది, సంపుటాలు రెండు కలిపి బైండు చేసింది, ఫసలీ తేదీ ఉన్నది, ఉర్దూ పేజీలు కలిసినది. అవి వాళ్ల పోర్టల్‌లో ఎలా కనబడుతున్నాయో మీ ఫోన్‌లోనే తెరిచి చూసి, తెలుగులో టైపు చేసి వెతికి, దొరికితే మిగతా ఫైలు పంపండి.